తుపాకి గొట్టములోని నునుపు



మన వెల్దుర్తి ప్రాంతము నల్లమల యంచున నున్నది. పంటకాపునకై లైసెన్సుతో తుపాకి యుంచుకొన్నవారు అందరును ఒక సంగతి గుర్తెరుగవలెను. గురి తప్పిన గుండు ఊరక పోదు. పొరుగుచేని మంచెమీది మనుష్యుని తాకవచ్చును. కావున గొట్టము లోపలి నునుపును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

1857 నాటి సిపాయిల తిరుగుబాటు కథ మీరు వినియే యుందురు. తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిరన్న వార్త సిపాయిలను కలతపెట్టినది. అసలు తూటాకు జిడ్డు ఎందులకు? 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టము 39 అంగుళముల పొడవు. లోపల మూడు గాళ్లు 78 అంగుళములకు ఒక చుట్టు చొప్పున మెలిదిరిగి యుండెడివి. బొంగరము తిరుగుచున్నంతసేపు నిలుచునట్లు, గుండు ఆ గాళ్లను పట్టి తిరుగుచు వెడలిననే సూటిగా పోవును. సీసము మెత్తని లోహము. జిడ్డు లేకున్నను, గొట్టము గరుకైనను, అది లోపలనే అంటుకొనును. గాళ్లు పూడినచో తరువాతి గుండు త్రోవ తప్పును.

ఐనను మొదటనే నింద గొట్టముపై వేయరాదు. అంటిన సీసమును తుడిపించి, గుండును కొలిపించవలెను. పోత గుండు గాళ్ల అడుగుకొలతకంటె అంగుళములో వేయవవంతు లావుగ నుండుట మేలు. సన్నమైనచో మందు మండిన వేడిగాలి ప్రక్కలనుండి దూరి సీసమును కరగించి గోడలకు పూయును. ఆ దోషము నునుపు చేసినంత మాత్రమున పోదు.

గుండు సరియై యుండియు సీసము అంటుచున్నచో, పనివాడు కడ్డీ చివర గొట్టములోనే సీసము పోసి, గాళ్లకు సరిపోవు బిరడా చేయును. దానికి నూనెయు, మెత్తని కురువిందపు పొడియు పూసి, మెలిక ననుసరించి తిరుగనిచ్చుచు నిడుపునా సమముగ లాగును. ఎక్కడ బిగువో, ఎక్కడ వదులో చేతికే తెలియును. అంతటను ఒకే బిగువుతో జారినంతనే ఆపవలెను. ఆత్రపడి ఇంకను రుద్దినచో గాళ్ల అంచులు అరుగును, మూతి వెడల్పగును. పోయిన ఇనుమును మరల అతికించువాడు లేడు.

ఇది ఇంట చేసికొను పని గాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము మరమ్మతునకు లైసెన్సు గల పనివాని యొద్దకే పోవలెను. అనుమతి లేక అడవిమృగమును చంపుట 1972 నాటి చట్టము ప్రకారము నేరము. సీసము విషము గనుక, తాకిన చేతులు కడుగక అన్నము ముట్టరాదు.

కడపటి మాట: గొట్టము ఎంత నునుపైనను, చీకటిలో కదలినదెల్ల పంది గాదు. కన్నులార చూడనిదే తుపాకి ఎత్తవలదు.