పట్టా చేతిలో, కాలు మోకా మీద



మన భాషలో పట్టా అనే మాటకు రెండర్థాలున్నాయి. కాసేపట్లో ఈ వేదిక మీద మీరు అందుకోబోయే డిగ్రీ ఒక పట్టా. మీలో చాలామంది ఇళ్లలో, బట్టల పెట్టె అడుగున పాలిథిన్ కవర్లో చుట్టి దాచిన భూమి కాగితం ఇంకో పట్టా. మొదటిదానికి మీకు మూడేళ్లో ఐదేళ్లో పట్టింది. రెండోదాంట్లో ఒక్క అక్షరం దిద్దించడానికి మీ నాయనకు అంతకన్నా ఎక్కువే పట్టి ఉండొచ్చు. రెవెన్యూ శాఖలో కాగితం కాలంలో చేరి, కంప్యూటర్ కాలంలో రిటైరైనవాణ్ని నేను. నాకు తెలిసింది ఆ రెండో పట్టా సంగతే. అదే చెప్తాను.

నా చిన్నప్పుడు ఊరి భూమి మొత్తం పట్వారి దస్త్రంలో ఉండేది. గుడ్డలో ముడేసిన కట్ట. అందులో సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తర్వాత ఏటేటా రాసిన పహాణీలు. పట్టాదారు గడిలో ఒకరి పేరు, అనుభవదారు గడిలో ఇంకొకరి పేరు. ఏ గడిలో ఎవరిని ఎక్కించాలన్నది కలం పట్టినాయన చేతిలో పని. ఈ నల్లగొండ నేల మీద భూమి కోసం సాయుధ పోరాటం నడిచింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వందెకరాలు దానమిచ్చారు. ఎవరు పోరాడి గెలుచుకున్నా, ఎవరు దయతో ఇచ్చినా, ఆ భూమి ఎవరిదని ఆఖరికి చెప్పాల్సింది పహాణీలోని ఆ గడే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పట్వారి పోయాడు గానీ ఆయన రాత పోలేదు. తర్వాత మేం కంప్యూటర్లోకి ఎక్కించింది ఆ రాతనే.

ఎక్కించేటప్పుడు నేను చేసిన తప్పొకటి ఉంది. ఇంతమంది ముందు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పహాణీలో 1.25 అని ఉంటే ఎకరం పాతిక గుంటలని అర్థం. ఆ చుక్క దశాంశం కాదు. ఎకరానికి 40 గుంటలు. ఒక ముసలవ్వకు రెండు బై నంబర్లలో, అంటే సర్వే నంబరు లోపలి రెండు ముక్కల్లో, 1.25 చొప్పున భూమి ఉంది. కలిపితే పాతికా పాతికా యాభై గుంటలు, అంటే ఎకరం పది గుంటలు. మొత్తం మూడెకరాల పది గుంటలు రావాలి. నా ముందున్న కంప్యూటర్ 2.50 అని కూడింది. నేను అలాగే ఉంచాను. పై పరిశీలనలో ఎవరో యాభై గుంటలు ఉండవు కదా అనుకుని, దాన్ని రెండున్నర ఎకరాలుగా చదివి 2.20 అని ‘సరిదిద్దారు’. ముప్పై గుంటలు, అంటే ముప్పావు ఎకరం పోయింది. నాగలి ఆగలేదు, గెట్టు జరగలేదు, ఎవరూ కబ్జా చేయలేదు. ఒక చుక్క మింగేసింది.

అవ్వ ఎన్నిసార్లు వచ్చిందో నేను లెక్కపెట్టలేదు, ఆమె పెట్టింది. పదకొండోసారి వచ్చినప్పుడు, ‘బిడ్డా, నీ పెట్టెల ఏమున్నదో నాకెరుక లేదు. నువ్వొకసారి మోకా మీదికి రా’ అంది, అంటే చేను దగ్గరికి రమ్మని. వెళ్లాం. గొలుసు పట్టి కొలిచాం. ఇరుగుపొరుగు రైతులు గెట్టు చూపించారు. పాత పహాణీ, చేను ఒక్కటే చెప్పాయి. వేరే మాట చెప్పింది కంప్యూటర్ ఒక్కటే. పదిసార్లూ మేం నమ్మింది దాన్నే.

అంతమాత్రాన పాతకాలమే మేలనుకునేరు, కాదు. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ, 2011 నవంబరులో మీసేవ వచ్చాయి. అంతకు ముందు స్కాలర్‌షిప్పు కోసం ఒక ఆదాయ సర్టిఫికెట్టు కావాలంటే పిల్లవాడు ఎన్ని పొద్దులు ఆఫీసు వరండాలో కూర్చునేవాడో మీ నాయనను అడగండి. డిజిటల్ సంతకం వచ్చాక సారు ఊళ్లో ఉన్నాడా, క్యాంపుకు పోయాడా అన్న ప్రశ్న తగ్గింది. పాలమూరు వలస కూలీకి రేషన్ బియ్యం ఊళ్లో ఉండేవి, ఆయన ముంబయిలోనో పుణేలోనో ఉండేవాడు. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య మొదలై, 2020 జనవరి నాటికి మహారాష్ట్రతో సహా పన్నెండు రాష్ట్రాలకు పాకిన రేషన్ పోర్టబిలిటీతో బియ్యం కూడా ఆయన వెంట నడవడం మొదలైంది. రాష్ట్రాలు తమ దస్త్రాలను ఒకదానితో ఒకటి మాట్లాడించడం వల్ల అయిన పని ఇది.

2020 అక్టోబరు 29న మొదలైన ధరణి అనే భూ రికార్డుల పోర్టల్లోనూ మంచి ఉండేది. తాసిల్దారు ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయిన చోటే, అప్పుడే మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, కూడా అయిపోయేది. తప్పు లేని పట్టా ఉన్నవాళ్లకు అది వరమే. తప్పున్నవాళ్ల గతేమిటి? 2017లో జరిగిన రికార్డుల ప్రక్షాళనలో వివాదముందన్న భూములు పార్ట్ బీ అనే జాబితాలో పడ్డాయి. 2020 భూ హక్కుల చట్టంతో రెవెన్యూ కోర్టులు పోయాయి, అదే ఏడాది ఊరి రెవెన్యూ అధికారులైన వీఆర్వోలూ పోయారు. ఊళ్లో ఏ గెట్టు ఎవరిదో ఎరిగిన సర్కారు మనిషి లేడు, దిద్దే అధికారం తాసిల్దారుకు లేదు. ఆ రోజుల్లో దేవరకొండ నుంచి గద్వాల దాకా రైతుకు చెవిన పడ్డ కొత్త మాట ఒకటుంది: ‘ఆప్షన్ లేదు’. చేను ఉంది, దున్నేవాడున్నాడు, పాత పహాణీ ఉంది. తెర మీద నొక్కడానికి మీట లేదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఊహించని కష్టం లెక్కలోకే రాలేదు.

అదే పద్ధతి రేషన్ కార్డుల్లోనూ చూశాం. శాఖల సమాచారాన్నంతా ఒకచోట కలిపి, ఏ పేరు ఏ ఇంటిదో పోల్చే సమగ్ర వేదికను మన రాష్ట్రం తయారుచేసుకుంది. తెలివైన పనే. కానీ మన ఊళ్లలో ఒక వాడకు నలుగురు మల్లయ్యలుంటారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. 2016 తర్వాత దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ఇల్లు చూడకుండా కంప్యూటర్ మాట మీదే రద్దు చేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టుకు చేరింది. క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో కోర్టు ఆదేశించింది. అవ్వ నాతో అన్నదీ, కోర్టు సర్కారుతో అన్నదీ ఒకే మాట: మోకా మీదికి రండి.

ఇది వెనకబడిన జిల్లాల జబ్బు అనుకోకండి. బ్రిటన్‌లో పోస్టాఫీసుల కోసం పెట్టిన హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ లేని లోటు చూపిస్తే, దాన్ని నమ్మి 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లను దొంగలన్నారు. కొందరు జైలుకు పోయారు. ఆ శిక్షలు కొట్టేయడానికి 2024లో అక్కడి పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. చదువుకున్న దేశంలో, చదువుకున్న న్యాయమూర్తులు, ఏళ్ల తరబడి యంత్రం మాటే నమ్మారు.

ఇప్పుడు మన దగ్గర ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న మొదలైంది. ముందుగా పరీక్షించి చూసిన నాలుగు మండలాల్లో ఒకటి మన పాత పాలమూరు జిల్లాలోని మద్దూరు. అప్పీలుకు మెట్లు మళ్లీ వచ్చాయి. రెవెన్యూ సదస్సుల పేరుతో అధికారులు ఊళ్లకు వెళ్లి దరఖాస్తులు తీసుకున్నారు. గ్రామ పాలన అధికారులు వచ్చారు. పేరు మారితే గెలిచినట్టు కాదు. తప్పుంది సారూ అని చెప్పుకునే చోటు తెర మీదా, ఊళ్లోనూ దొరికితేనే గెలిచినట్టు.

పట్టభద్రులారా, మీలో కొందరు రేపు కోడ్ రాస్తారు. కొందరు గ్రూప్ పరీక్షలు రాసి, నేను కూర్చున్న కుర్చీలో కూర్చుంటారు. కొందరు మీసేవ కేంద్రం పెట్టుకుంటారు. ఎక్కడున్నా మీరు తయారుచేసే ప్రతి తెర మీద ‘ఇది తప్పు’ అని చెప్పే మీట ఒకటి పెట్టండి. నొక్కితే ఎవరు చూస్తారో, ఎన్ని రోజుల్లో జవాబిస్తారో అక్కడే తెలుగులో రాయండి. ‘ఆప్షన్ లేదు’ అనాల్సి వచ్చిన రోజు కుర్చీలోంచి లేచి మోకా మీదికి వెళ్లండి.

అంతకు ముందు ఈ సాయంత్రమే ఒక పని చేయండి. ఇంటికి వెళ్లి గౌను విప్పాక, పెట్టె అడుగునున్న పాసుపుస్తకం తెమ్మని అమ్మను అడగండి. సర్వే నంబరు చదివి వినిపించండి. చుక్క తర్వాత ఉన్నవి గుంటలని గుర్తుపెట్టుకుని కూడండి. రేపు పొద్దున నాయనతో కలిసి గెట్టు మీద నడవండి. లెక్క కలవకపోతే దరఖాస్తు మీ చేత్తోనే రాయండి. ఆ తర్వాత పక్కింటివాళ్ల పాసుపుస్తకం కూడా చూడండి. వాళ్ల ఇంట్లో పట్టభద్రులు ఉండకపోవచ్చు.