చెక్కు, డీడీ, అమానత్
(వినగడపలో దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చులు కోశాధికారిగారు ఇప్పటికే చదివి వినిపించారు. మేము ఒక్క విషయమే మాట్లాడతాం. మీరిచ్చే సొమ్ము మా చేతిలో అమానత్. అది ఏ రూపంలో వస్తే మీకూ మాకూ నిశ్చింత అన్నదే ఆ విషయం.

గత ఏడాది ఒక అమ్మాయి కాలేజీ ఫీజు కోసం ఒక పెద్దమనిషి మంచి మనసుతో చెక్కు ఇచ్చారు. ఖాతాలో డబ్బు చాలక అది తిరిగొచ్చింది. మిర్చి అమ్మిన సొమ్ము ఆయనకు అనుకున్న రోజుకు అందలేదు, అంతే. కానీ ఫీజు గడువు ఆగదు కదా! నలుగురం తలా కొంత చేబదులు తెచ్చి కట్టాం.

చెల్లని చెక్కుకు చట్టం లేదా అని కొందరు అడిగారు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షన్ ఉంది. అయితే అది బాకీ తీర్చడానికి ఇచ్చిన చెక్కుకే, దానంగా ఇచ్చినదానికి వర్తించదు. వర్తించినా, దాత మీద ఎవరైనా కేసు వేస్తారా?

డిమాండ్ డ్రాఫ్టుకు ఈ ఇబ్బంది లేదు. బ్యాంకు ముందే మీ దగ్గర డబ్బు తీసుకుని, చెల్లించే పూచీ తనమీద వేసుకుని కాగితం ఇస్తుంది. మీ ఖాతాలో రేపు ఎంత ఉందన్నదానితో ఇక పని లేదు. ఊళ్లోనే చెల్లేదాన్ని బ్యాంకర్స్ చెక్కు, పే ఆర్డరు అంటారు. ఒక ఊళ్లో సొమ్ము కట్టి మరో ఊళ్లో తీసుకునే ‘సుఫ్తజా’ కాగితాలు వెనకటి ముస్లిం వర్తకులకూ తెలిసినవే.

కొన్ని నిబంధనలు గుర్తుంచుకోండి. డీడీ తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలుండేది, పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ లెక్కలోనే ఉన్నారు. రూ.50,000, ఆపైన అయితే నగదు కట్టి తీసుకోవడం కుదరదు, ఖాతా నుంచే వెళ్లాలి. రూ.20,000, ఆపైన ‘అకౌంట్ పేయీ’ గీత తప్పనిసరి, అంటే ఎవరి చేతికి చిక్కినా సొమ్ము పేరున్నవారి ఖాతాకే. 2018 సెప్టెంబరు 15 నుంచి కొన్నవారి పేరు కూడా డీడీ మీదే ముద్రిస్తున్నారు. ఇది మాకెంతో మేలు చేసింది. ఎవరు పంపారో తెలియని డ్రాఫ్టుకు రసీదు ఎవరి పేర రాయాలి?

డీడీ పోతే భయపడకండి, బ్యాంకుకు రాసిస్తే డూప్లికేటు ఇస్తారు. అలాగని డీడీ అనగానే కళ్లు మూసుకుని నమ్మకూడదు. దొంగ డ్రాఫ్టులూ ఉన్నాయి. పొలమో పశువులో అమ్మి డీడీ తీసుకునేవారు, అది ఇచ్చిన బ్యాంకులో విచారించి, సొమ్ము ఖాతాలో పడ్డాకే సరుకు వదలండి.

చిన్న మొత్తాలకు ఫోన్‌పే చాలు, డీడీకి కమీషను దండగ. పెద్ద మొత్తం, గడువున్న ఫీజు అయితే నేరుగా కాలేజీ పేరనే డీడీ తీయించండి. ఆ కాగితం పిల్ల చేతికిచ్చినా, మా చేతికిచ్చినా వేరే ఖర్చుకు మళ్లదు. మమ్మల్ని కూడా అంత నమ్మనక్కర్లేదనే చెబుతున్నాం!

80జీ మినహాయింపు కోరే దాతలకు ఒక మాట. 2017 ఏప్రిల్ నుంచి రూ.2,000కు మించిన నగదు దానానికి ఆ మినహాయింపు లేదు. చెల్లని చెక్కుతో జకాత్ బాధ్యత తీరినట్టా అన్నది మాత్రం ఉలమాలనే అడగండి.

సొసైటీ పేరు పాస్‌బుక్కులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. డీడీ జిరాక్సు ఒకటి ఇంట్లో దాచుకోండి, మా రసీదు మీద డీడీ నంబరు వేయించుకునే వెళ్లండి.