వెన్నునొప్పి, మగ్గం, ఒక జీన్: పీఎస్‌ఎంబీ5 కథ

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, మా వేటపాలెంలో, పెదనాన్న వాళ్ల ఇంట్లో గుంట మగ్గం పక్కన కూర్చుని చేస్తున్నా. మధ్యలో టకటకమని సౌండ్ వస్తే ఏమనుకోకండి, పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ఈ మగ్గం మాత్రం మూడేళ్లుగా ఆడట్లేదు.

పెదనాన్న నలభై ఏళ్లు నేశారు. మూడేళ్ల క్రితం నడుం నొప్పి అన్నారు. గుంటలో కాళ్లు పెట్టుకుని రోజంతా కూర్చునే మనిషికి నడుం నొప్పి రాక ఏమొస్తుందిలే అనుకున్నాం. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుని ఎనిమిది నెలలు మింగారు. తర్వాత నీరసం, మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7. అదే రిపోర్టులో 'టోటల్ ప్రొటీన్' దగ్గర నంబర్ ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది. బీఎస్సీ చదివిన నేను ఏమన్నానో తెలుసా? "పర్లేదు పెదనాన్నా, ప్రొటీన్ బాగానే ఉంది నీకు" అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఎక్కువే అసలు జబ్బు. దాని పేరు మల్టిపుల్ మైలోమా. మన ఎముక మజ్జలో ప్లాస్మా కణాలని ఉంటాయి. ఇన్‌ఫెక్షన్ల మీద పోరాడే యాంటీబాడీలను తయారు చేయడం వాటి పని. యాంటీబాడీ అంటే ప్రొటీనే. ఆ కణాల్లో ఒకటి దారితప్పి, తనలాంటివే లక్షలు లక్షలుగా పెరిగిపోయి, పనికిరాని ఒకే రకం యాంటీబాడీని పోగులు పోస్తుంది. దాంతో రక్తంలో ప్రొటీన్ పెరుగుతుంది. ఎముకలు గుల్లబారతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి: ఈ జబ్బున్నవాళ్లకి మామూలు నొప్పి బిళ్లలు కొన్ని కిడ్నీలను ఇంకా పాడు చేస్తాయి. మేం ఎనిమిది నెలలు చేసింది అదే.

సరే, ఇప్పుడు జీన్ దగ్గరికి వద్దాం. మన 14వ క్రోమోజోమ్ మీద పీఎస్‌ఎంబీ5 అని ఒక జీన్ ఉంది. అది బీటా-5 అనే ప్రొటీన్ ఎలా తయారవ్వాలో చెప్తుంది. ఈ బీటా-5 ఒక పెద్ద మిషన్‌లో ఒక భాగం. ఆ మిషన్ పేరు ప్రొటియాజోమ్.

మగ్గం పక్కనే ఉన్నాం కాబట్టి ఇలా చెప్తా. నేసిన బట్టలో తప్పు పడింది. పారేయకుండా పోగులు విప్పి నూలు మళ్లీ వాడుకోవాలి. మన ప్రతి కణంలో ఈ పని రాత్రీపగలూ నడుస్తుంది. ముందు పాడైన ప్రొటీన్‌కి యుబిక్విటిన్ అనే చిన్న చీటీ, ఒకటి కాదు వరసగా కొన్ని, తగులుకుంటాయి. చీటీ చూసి ప్రొటియాజోమ్ మూత దాన్ని పట్టుకుంటుంది, మడతలు విప్పి దారంలా లోపలికి లాగుతుంది. లోపల గొట్టం. ఏడేసి ముక్కల చక్రాలు నాలుగు, ఒకదాని మీద ఒకటి. మొత్తం 28 ముక్కలు. మధ్య చక్రాల్లోనే కత్తెరలు ఉంటాయి, మూడు రకాలు. వాటిల్లో బీటా-5 ఒకటి. ముక్కలైన దారాన్ని వేరే ఎంజైములు అమైనో ఆమ్లాలుగా చేస్తే, కణం మళ్లీ కొత్త ప్రొటీన్ నేసుకుంటుంది.

విప్పడానికి కూడా కష్టం కావాలా అంటే, కావాలి. మా పెద్దమ్మని అడగండి, నేయడం కంటే విప్పడమే విసుగంటుంది. కణంలో ఆ ఖర్చు ఏటీపీతో నడుస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. అదే హార్వర్డ్‌లో 1977లో ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ వాళ్లు, పాడైన ప్రొటీన్ విరగాలంటే ఏటీపీ కావాలని చూపించారు. చీటీ సంగతి తేల్చిన సీచనోవర్, హెర్ష్కో, రోజ్‌లకి 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

గోల్డ్‌బర్గ్ తర్వాత ఒక చిన్న కంపెనీ పెట్టారు. ఆలోచన ఏంటంటే, ఈ కత్తెరని ఆపితే జబ్బుల్లో కండ కరిగిపోకుండా ఆపొచ్చేమో అని. కండ సంగతి పక్కకు పోయింది, క్యాన్సర్ మందు చేతికొచ్చింది! ఆ మందు చేతులు మారి చివరికి మిలీనియం ఫార్మాస్యూటికల్స్‌కి చేరింది. ఆ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు కాకినాడ నుంచి వెళ్లిన జన్యుశాస్త్రవేత్త రాజు కుచ్చర్లపాటి గారు. మందు ఆయన కనిపెట్టింది కాదు, కలపకండి. మందు పేరు బోర్టిజోమిబ్. 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అది చేసే పని సింపుల్. దానిలో ఒక బోరాన్ అణువు ఉంటుంది. అది బీటా-5 కత్తెర మొనలో ఉండే థ్రియోనిన్‌ని పట్టుకుని కూర్చుంటుంది. కత్తెర కదలదు. మరి మంచి కణాల్లోనూ ఇదే కత్తెర ఉంది కదా, అవి చావవా అని మీకు డౌట్ రావాలి. మైలోమా కణం రాత్రీపగలూ యాంటీబాడీలు తయారు చేస్తూనే ఉంటుంది కాబట్టి తప్పు సరుకు కూడా అంతే పోగుపడుతుంది. విప్పే మిషన్ ఆగితే ముందు ఊపిరాడక చచ్చేది అదే. మామూలు కణాలు తట్టుకుంటాయి.

కానీ పూర్తిగా ఏమీ కాకుండా ఉండదు. నరాలకు తగులుతుంది. పెదనాన్నకి నాలుగో నెలలో అరికాళ్లు, వేళ్ల చివర్లు మొద్దుబారాయి. చెప్తే మందు ఆపేస్తారేమోనని ఇంట్లో కూడా చెప్పలేదు! ఇది తప్పు. డాక్టర్‌కి చెప్తే డోసు తగ్గిస్తారు, గ్యాప్ పెంచుతారు. నరంలోకి కాకుండా చర్మం కింద ఇంజెక్షన్ ఇస్తే ఈ ఇబ్బంది తక్కువని 2011లోనే తేలింది. దాచిపెడితే తిమ్మిరి కాస్తా ఉండిపోతుంది. తెగిన పోగుని వేళ్లతో ముడేయాల్సిన మనిషికి వేళ్లే పనికదా.

కొందరిలో కొన్నాళ్లకి మందు లొంగదు. ల్యాబ్‌లో పెంచిన కణాల్లో చూస్తే, పీఎస్‌ఎంబీ5 జీన్‌లో ఒక్క అక్షరం మారి, మందు కూర్చునే గాడి ఆకారం మారిపోతుంది. పేషెంట్లలో ఇది అరుదే, వేరే కారణాలే ఎక్కువ. అప్పుడు వేరే మందులున్నాయి. లెనాలిడోమైడ్ అయితే కత్తెర జోలికి పోదు, చీటీ అంటించే దగ్గరే ఆట మారుస్తుంది.

ఈ జబ్బు పూర్తిగా పోతుందని నేను చెప్పను. చాలామందిలో ఏళ్ల తరబడి అదుపులో ఉంటుంది. బోర్టిజోమిబ్ 2019 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ అత్యవసర మందుల లిస్టులో ఉంది. హైదరాబాద్‌లో నాట్కో, డాక్టర్ రెడ్డీస్ లాంటి కంపెనీల జెనరిక్స్ ఉన్నాయి. కొనేముందు జెనరిక్ గురించి డాక్టర్‌ని అడగండి, మొహమాటం వద్దు.

మీ ఇంట్లో అరవై దాటినవాళ్లకి తగ్గని నడుం నొప్పి, కారణం తెలీని రక్తహీనత ఉంటే పాత రిపోర్టు ఫోన్లో ఫొటో తీసి ఉంటారుగా, తెరిచి చూడండి. టోటల్ ప్రొటీన్ ఎక్కువగా, అల్బుమిన్ తక్కువగా ఉందా? క్రియాటినిన్, కాల్షియం ఎలా ఉన్నాయి? తేడా ఉంటే 'సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరిసిస్' చేయించాలా అని డాక్టర్‌ని అడగండి. రిపోర్టుల ఫొటోలు కామెంట్లలో మాత్రం పెట్టకండి, నేను డాక్టర్‌ని కాదు.

పెదనాన్న లోపల పిలుస్తున్నారు, కాఫీ అట. నేయడం లేదు కానీ పొద్దునే పక్కింటి పిల్లాడికి పడుగు సర్దడం నేర్పిస్తున్నారు. ఉంటానండీ, వచ్చేవారం కలుద్దాం.