రూపచిత్రములలో రంగు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రాముని పటములో శరీరము నీలముగా నుండును. మనుష్యుని మేను నీలముగా నుండునా యని మనలో నెవ్వరును అడుగరు. కాని సామాన్య స్త్రీ ముఖముపై చిత్రకారుడు ఆకుపచ్చ రంగు పూసినచో నవ్వుదుము. 1905లో పారిస్ నగరవాసులును అట్లే నవ్విరి.

ఆ యేటి శరత్కాల చిత్రప్రదర్శనములో హెన్రీ మాతిస్ తన భార్య అమేలీ రూపచిత్రము నుంచెను. తలపై పెద్ద టోపీ. ముఖమున ఆకుపచ్చ, పసుపు, గులాబి రంగులు. లూయీ వోసెల్ అను విమర్శకుడు ఆ చిత్రకారుల నందరిని క్రూరమృగములతో పోల్చెను. ఆ పేరే వారికి స్థిరపడినది.

ఆ సంవత్సరమే మాతిస్ ఆమెను మరల చిత్రించెను. ఆ పటము నేడు కోపెన్‌హాగెన్ చిత్రశాలలో నున్నది. నుదుటినుండి ముక్కు మీదుగా ఒక ఆకుపచ్చ గీత! ఒక చెంప పసుపు వన్నె, రెండవది గులాబి వన్నె. ఇది పిచ్చిపని కాదు. ముక్కు ఎత్తు తెలియుటకు పూర్వులు గోధుమ, నలుపు రంగులతో నీడ వేసెడివారు. నలుపు కలిసిన కొలది వెలుగు తగ్గును. పండుమిరపకాయను ఆకుల నడుమ చూడుడు. విడిగా నున్నప్పటికంటె ఎర్రగా కనబడును. అట్లే గులాబి పక్కన ఆకుపచ్చ చేరగా రెండును వెలిగినవి, నీడ పడకయే ముక్కు నిలిచినది. కనుబొమల, పెదవుల రేఖలు మాత్రము చెదరలేదు. కావుననే ఆ స్త్రీ గంభీరముగా మనలను చూచుచున్నది.

మాతిస్ కంటె ముందు, 1888లో, వాన్‌గో తన మిత్రుడు యూజీన్ బోక్‌ను చిత్రించెను. ఆ చిత్రమును గూర్చి తమ్మునికి లేఖ వ్రాయుచు, జుట్టు బంగారు వన్నెను నారింజ వరకు పెంచెదననియు, తల వెనుక గోడకు మారుగా గాఢనీలమును నింపెదననియు తెలిపెను. మిత్రునిపై గల ఆదరమును అతడు రంగుతో చెప్పదలచెను.

రాముని నీలము సంప్రదాయ మిచ్చినది. అది మన యందరిది. ఈ చిత్రకారుల రంగు ఒక్కని కన్ను ఎన్నుకొన్నది. దానికి అండగా సంప్రదాయము లేదు. బాధ్యత యంతయు అతనిదే. ఆకుపచ్చ పూసిన ప్రతి బొమ్మయు గొప్పదని నేననను. ఆ రంగు తీసివేసినను ఏమియు తగ్గనిచో, అది వట్టి ఆర్భాటము.

కార్యవర్గమువారికి ఒక మనవి. చిత్రకళా గ్రంథములు కొనునప్పుడు రంగుల పటములు గలవానినే కొనుడు. నలుపు తెలుపు అచ్చులో ఆ ఆకుపచ్చ గీత వట్టి బూడిదచారగా కనబడును.