కృష్ణాతీర విహారము



నేటి నా ప్రసంగమునకు విషయము కృష్ణాతీర విహారము. బడిపంతులు నోరు విప్పినచో ముందుగా పదమునకు అర్థము చెప్పక మానడు గదా! విహారమనగా ఉల్లాసము కొరకు తిరుగుట యని లోకవ్యవహారము. బౌద్ధులకు ఆ శబ్దమే భిక్షువులు వసించు మఠమునకు పేరు. ఒకటి తిరుగుట, మరియొకటి నిలిచి యుండుట. ఈ రెండర్థములును ఒక్కచోట కుదిరిన స్థలము మన నల్లగొండ జిల్లాలోని నాగార్జునసాగరము.

ఉద్యోగమున నున్న కాలమున బాలురను వెంటబెట్టుకొని నేనచ్చటికి పలుమారులు పోయితిని. కాని గత మాఘమాసమున చేసిన ప్రయాణము వేరు. నా బాల్యమిత్రుడొకడు మర్రిగూడ ప్రాంతపు రైతు. ఆ మెట్టనేలలోని రాళ్లయందలి ఫ్లోరైడు భూగర్భజలమున కలియును. బావి నీరు చూచుటకు తేటగనే యుండును; ఏండ్ల తరబడి త్రాగినవారికి మాత్రము పండ్లు గారపట్టును, కీళ్లు బిగియును, ఎముకలు వంగును. నా మిత్రునకు నలుబదియేండ్లు నిండకమునుపే నడుము వంగి మెడ బిగిసెను. “కృష్ణ ఒడ్డున ఒక్కపూట కూర్చోవాలె, పంతులూ” అని అతడు చిరకాలముగా అడుగుచుండెను. అతని మనుమడు, నా మనుమరాలు తోడురాగా నలుగురము మాల్, మల్లేపల్లి మీదుగా బస్సులో బయలుదేరితిమి.

ముందుగా బుద్ధవనమున దిగితిమి. 274 ఎకరముల ఈ ఉద్యానమును ప్రభుత్వమువారు 2022వ సంవత్సరము మే నెలలో ప్రారంభించిరి. బుద్ధుని జీవితఘట్టములు, జాతకకథలు, పలుదేశముల స్తూపముల నమూనాలు అందు వరుసగా అమర్చబడినవి. అమరావతీస్తూపమును తలపించు మహాస్తూపము నడుమ నున్నది. పిల్లలు తలలెత్తి దాని అండమును చూచుచుండిరి. నా మిత్రునకు తల యెత్తుట సాధ్యము గాదు. అతడు కొంతసేపు ఆలోచించి, పచ్చికమీద వెల్లకిలగా పండుకొని, “ఇగ కనబడుతున్నది” అని నవ్వెను. మనుమడును తాత ప్రక్కనే పండుకొనెను. దర్శనమునకు ఇంతటి శ్రద్ధ నేనెన్నడును చూపియుండలేదు.

పిమ్మట జలాశయపు ఒడ్డునకు చేరితిమి. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్లాల్ నెహ్రూగారు ఈ యానకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. 26 గేట్లు గల ఈ రాతికట్టడము పునాదినుండి 124 మీటర్ల యెత్తు. యంత్రములకంటె మనుష్యుల భుజములే దీనిని లేపినవి. పాలమూరునుండి పిల్లాపాపలతో వచ్చి రాళ్లు మోసిన కూలీలు అందు పెక్కండ్రు.

నీటి నడుమ కనబడు ద్వీపమే నాగార్జునకొండ. దాని చుట్టునున్న లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి వెలసియుండెను. శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ మహాచైత్యమునకు దానములు చేసినట్లు శాసనములు చెప్పుచున్నవి. సింహళ భిక్షువులకు సయితము అచ్చట విహారము కలదు. 1926లో ఈ శిథిలములు పండితుల కంట బడినవి. ఆనకట్ట నిశ్చయమైన పిమ్మట, 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు లోయనంతటిని త్రవ్వి, కొన్ని కట్టడములను కొండమీదను, ఆవలియొడ్డున అనుపు వద్దను తిరిగి నిలిపిరి. తక్కినది నీటి పాలయ్యెను. దానితోపాటు లోయలో కాపురమున్నవారి ఇండ్లును, చేలును మునిగినవి. లాంచీ మీద కొండకు పోవువారు ఒక నగరము మీదుగా పోవుచున్నామని యెరుగుట మేలు.

ఒడ్డున కూర్చుండి సద్దిమూట విప్పి పులిహోర తింటిమి. తినుట ముగియగనే మనుమడు ప్లాస్టిక్ సంచిని చుట్టి నీటిలోనికి విసరబోయెను. నా మిత్రుడు చేయి పట్టుకొనెను. “ఏందిరా, ఇది మన కుండ. కుండల చెత్త వేస్తరా?” అనెను. బాలునకు అర్థము కాలేదు. “ఇది చెరువు గద, తాతా!” అనెను.

అప్పుడు నాకు పాఠము చెప్పక తప్పలేదు. కాలువ పల్లమునకే పారును గాని గట్టెక్కదు. కనుక ఎడమకాలువ క్రిందనున్న మిర్యాలగూడ వైపు పొలములు పండినను, మా మెట్ట గ్రామములు కృష్ణను దూరమునుండి వినుటయే గాని నోట పోసికొన్నది లేదు. పటిక, సున్నముల చేత ఫ్లోరైడును తగ్గించు పద్ధతినొకదానిని నాగపురమునందలి శాస్త్రజ్ఞులు కనిపెట్టి దానికి మా నల్లగొండ పేరు పెట్టిరి. టాంజానియా వంటి ఆఫ్రికాదేశములలో సయితము ఆ పేరు వాడుకలో నున్నది. మా కష్టము మా ఊరికంత దూరపు ప్రఖ్యాతి తెచ్చినది! తుదకు పుట్టంగండి వద్ద పంపులు పెట్టి ఈ సాగరజలమునే పైకెత్తి అక్కంపల్లి జలాశయమునకు పంపసాగిరి. అచ్చటినుండి హైదరాబాదు నగరమునకును కృష్ణజలము పోవుచున్నది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో నదీజలము మా ఇండ్ల కొళాయిలకు వచ్చెను. ఆ బాలుని పండ్లు తెల్లగా మెరయుచున్నవి. అతని తాతకు మాత్రము నీరు వచ్చునప్పటికి నడుము వంగిపోయినది.

పాఠము విని బాలుడు సంచిని మడిచి జేబులో పెట్టుకొనెను. నేను చుట్టును చూచితిని. ఒడ్డుపొడవున విస్తళ్లు, సీసాలు, సంచులు. వానిని పారవేసినవారిలో నగరమునుండి వచ్చినవారును ఉందురు. తాము విసరినది తమ కొళాయి నీటిలోనికే యని వారెరుగరు. ఎరిగినచో ఎవడు తన కుండలో ఉమియును?

ఆర్యులారా! తీరమునకు పోవలదని నేననను. తప్పక పొండు. శ్రావణ భాద్రపదములలో ఎగువనుండి వరద వచ్చి గేట్లెత్తిన సమయమున ఆ దృశ్యము చూచుటకు కన్నులు చాలవు. ఆవలియొడ్డున ఎత్తిపోతల జలపాతము కలదు; చంద్రవంక వాగు డెబ్బది అడుగుల యెత్తునుండి దుముకుచుండును. కాని పాచిపట్టిన బండలమీద అడుగు పెట్టకుడు. ఒడ్డుననే లోతు కలదు. ఈత వచ్చునను ధైర్యము అచ్చట పనికిరాదు. తెచ్చికొన్నదానిని తిరిగి ఇంటికి కొనిపొండు. ఒక గడియయైన తిరుగుట మాని నిలిచి కూర్చుండుడు. విహారశబ్దమునకు రెండవ యర్థము అప్పుడు బోధపడును.

పొద్దు వాలినది. బస్సునకు లేచునప్పుడు నా మిత్రుడు వంగిన నడుముతోనే ఆ నీటికి చేతులు జోడించెను. “కొంచెం ముందే రావలసింది, తల్లీ!” అనెను. ఆ మాట నన్నుద్దేశించి యన్నది కాదు. అయినను నేటికిని నా చెవులలో నున్నది.

ఇక సెలవు.