డుండుభము చెప్పిన ధర్మము



అహింసయే పరమధర్మమను మాట అందరును ఎరిగినదే. ఇటీవల కొందరు దానికి ఉత్తరార్ధమొకటి చేర్చి, ధర్మము కొరకు చేయు హింసయు అంతటి ధర్మమేనని చెప్పుచున్నారు. మహాభారతమున ఆ మాట వచ్చిన తావులలో ఈ ఉత్తరార్ధము లేదు. అనుశాసనపర్వమున భీష్ముడు అహింసయే గొప్ప దమము, దానము, తపస్సు అని దానిని పొడిగించినాడు. అరణ్యపర్వమున ధర్మవ్యాధుడు అది సత్యమునందు నిలిచినదన్నాడు. ఆదిపర్వమున ఆ మాట పలికినవాడు, పామై పడియుండి దెబ్బ తినబోయినవాడు. ఆ కథ వినుడు.

రురుడు భృగువంశపు బ్రాహ్మణ కుమారుడు. అతనికి నిశ్చయమైన కన్య ప్రమద్వర, పెండ్లికి ముందే పాము కరచి మరణించినది. రురుడు తన ఆయుస్సులో సగమిచ్చి ఆమెను బ్రతికించుకొని పెండ్లాడినాడు. అయినను కోపము చల్లారలేదు. కనబడిన పామునెల్ల చంపుదునని పూనినాడు. ఒకనాడు అడవిలో ముసలి డుండుభమొకటి కనబడగా కర్ర ఎత్తినాడు. డుండుభము విషము లేని జాతి. నీకు నేను చేసిన అపరాధమేమని అది అడిగినది. నా ప్రాణసమానురాలిని పాము కరచినదని రురుడు బదులు చెప్పినాడు. కరచునవి వేరు, పాము అను పేరొక్కటైనంత మాత్రమున మమ్ము చంపదగదని అది పలికినది. రురుడు కర్ర దించినాడు. ఆ డుండుభము నిజమునకు శాపగ్రస్తుడైన సహస్రపాదుడను ఋషి. రురుని దర్శనముతో శాపము తీరి, అహింసను ఉపదేశించి, దండము ధరించి ప్రజలను కాపాడుట క్షత్రియధర్మమే గాని నీది కాదని హెచ్చరించినాడు.

ఇందు ధర్మసూక్ష్మము గమనింపుడు. రురుని దుఃఖము నిజమైనదే. కాని నిజమైన దుఃఖము దండాధికారము నియ్యదు. అతడు అపరాధి ఎవరో విచారింపలేదు. విచారించినను దండించు అధికారము అతనిది కాదు. ఈ రెండును లేనిచో హింసకు ధర్మమను పేరు చెల్లదు.

ఈ కథను మన ఉప్పుగూడలో చెప్పుకొనుటకు కారణము కలదు. 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీ మతకలహములలో నూరుమందికి పైగా ప్రాణములు పోయినవి. ఎవరో ఎక్కడనో చేసినదానికి, దారిన పోవు నిరపరాధి పేరును బట్టి, వేషమును బట్టి బలియైనాడు. అది రురుడెత్తిన కర్రయే. ఏ పక్షమువారు ఎత్తినను అది అధర్మమే. రురుడు డుండుభము మాట విన్నాడు. ఆ నాళ్ళలో చంపినవారు అడుగువాని మాట వినలేదు.

మరి ఇంటి మీదికి కత్తితో వచ్చినవానిని చూచుచు ఊరకుండవలెనా? అక్కరలేదు. మీదపడి చంపవచ్చు ఆతతాయిని ఎదుర్కొనుట దోషము కాదని మనుస్మృతి చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయు ఆత్మరక్షణ హక్కును గుర్తించినది. కాని ఆ హక్కునకు హద్దు కలదు. రక్షణకు కావలసినంతకు మించి హాని చేయరాదు. ఆపద తొలగిన తరువాత కొట్టు దెబ్బ రక్షణ కాదు, పగ. వాని బంధువును, వాని వీధివానిని కొట్టుట మొదటినుండియు పగయే. శిక్ష విధించుట న్యాయస్థానము పని.

అమ్మవారి చేతను ఖడ్గమున్నది గదా అని అడుగవచ్చును. ఉన్నది. అది మహిషునిపై దిగినది వాని చేతలను చూచి. మహిషుడను పేరు గల ప్రతివానిపై దిగలేదు. ఆషాఢమున ఆ తల్లికి బోనమెత్తు మనము ఈ భేదమును మరువరాదు.

నేడు వదంతి చేతిలోని ఫోనులోనికే వచ్చి వాలుచున్నది. అది చూచి రక్తము ఉడికినపుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఈ ఎదుటివాడే ఆ పని చేసినాడా? శిక్షించు అధికారము నాకు కలదా? రెంటికిని అవునని చెప్పలేనివాడు కర్ర దించవలెను. తన బిడ్డలకును ఆ రెండు ప్రశ్నలు నేర్పవలెను.

సర్వే జనాః సుఖినో భవంతు.