ముగ్గు పోసే ముందు మట్టిని చూడండి



పత్తి చేను ఏ నేలో, వేరుసెనగకు ఏ నేల అనువో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఇల్లు కట్టబోయే నాలుగు సెంట్ల స్థలం దగ్గరకు వచ్చేసరికి ఈ విచారణ ఉండదు. వాస్తు చూపిస్తాం, ముహూర్తం పెట్టిస్తాం, ముగ్గు పోసి గునపం దించుతాం. నేల సంగతి రెండు వానాకాలాలు గడిచాక గోడలో బీటగా బయటపడుతుంది. ఇంటి అప్పు అప్పటికింకా తీరి ఉండదు. కనుక ఇంటి గోడకు, మరుగుదొడ్డి గుంతకు, పెరటి మొక్కకు నేల ఏమి చేస్తుందో ఈ పూట ముచ్చటించుకుందాం.

మొదట పరీక్ష. స్థలంలో ఒక మూల ఐదారడుగుల గుంత తీయించండి. పైన ఏ మన్ను, అడుగున ఏ మన్ను ఉన్నదో చూడండి. పిడికెడు తడిపి అరచేతుల మధ్య నులమండి. సన్నని తాడులాగా సాగితే బంకమన్ను. తాడు కట్టకుండా విరిగిపోతే ఇసుక పాలు ఎక్కువ. పక్కనే అడుగు లోతు గుంట చేసి నీరు పోసి నానబెట్టండి. మర్నాడు మళ్లీ నింపండి. చూస్తుండగానే ఇంకితే ఆ నేల నీరు తాగుతుంది. సాయంత్రానికీ నిలిచి ఉంటే తాగదు.

నంద్యాల, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి తాగని నేల. అది తడిసి ఉబ్బుతుంది, ఎండి నెరెలు విచ్చుతుంది. పైపైన వేసిన పునాది దానితోపాటే లేస్తుంది, దిగుతుంది. పునాది ఈ నెరెల లోతు దాటవలెను. అడుగున గట్టి మొరం అందితే దానిమీద నిలపండి. అందకపోతే సుమారు మూడున్నర మీటర్ల లోతుకు రంధ్రాలు తొలిచి, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు పోసి, వాటిమీద దూలం కట్టే పద్ధతి ఉన్నది. అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు. ఇది మేస్త్రీ అంచనాకు వదిలేది కాదు, ఇంజనీరును అడగండి. తవ్విన నల్లమట్టిని ఇంటి నేల కింద నింపకండి, మొరం తోలించండి. వాన నీరు, స్నానాల నీరు గోడ మొదట్లో నిలవకుండా చుట్టూ వాలుగా గచ్చు చేయండి. వేప, రావి వంటి పెద్ద చెట్లను గోడకు దూరంగా పెట్టండి. ఎండాకాలంలో వాటి వేళ్లు పునాది కింది తేమను లాగివేస్తాయి.

ఇక మరుగుదొడ్డి. 2014లో స్వచ్ఛభారత్ మొదలైన తరువాత ఊరూరా కట్టినవాటిలో రెండు గుంతల మరుగుదొడ్లు చాలా ఉన్నాయి. గుంత గోడల సందుల గుండా నీరు నేలలోకి ఇంకితేనే అవి పనిచేస్తాయి. రేగడిలో ఇంకుడు తక్కువ కనుక గుంత పెద్దదిగా తీయాలి. దాని గోడ వెలుపల చుట్టూ అడుగు మందాన ఇసుక గాని, చిన్న కంకర గాని నింపాలి. సెప్టిక్ ట్యాంకు కట్టినా దాని నీరు ఎక్కడో ఒకచోట ఇంకవలసినదే గదా!

సముద్రతీరపు ఇసుక నేలలో చిక్కు ఇందుకు విరుద్ధం. అక్కడ మురుగు చప్పున ఇంకి, దగ్గరి బావిలో తేలుతుంది. ఆ నీరు తాగిన పిల్లలకు విరేచనాలు, కామెర్లు పట్టుకుంటాయి. అలాంటి చోట గుంత అడుగు మూసివేసి, చుట్టూ అరమీటరు మందాన సన్నని ఇసుక నింపాలి. అప్పుడు కూడా బావి కనీసం పది మీటర్ల దూరం ఉండవలెను.

తెలంగాణ చల్క నేలలు, రాయలసీమ ఎర్రనేలలు ఇంటికి మేలైనవి. అడుగున మొరం బరువు మోస్తుంది. అయితే రాతి పొర పైకే తగిలినచోట జాగ్రత్త. మురుగు రాతి నెర్రెల వెంట ఎంత దూరమైనా పోగలదు. అక్కడ బోరుకు, గుంతకు దూరం బాగా పెంచండి.

పెరటి సంగతి చెప్పి ముగిస్తాను. చల్కలో నీరు, సారం నిలవవు. మామిడి, జామ మొక్కలకు మీటరు గుంత తీసి చెరువు మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. రేగడిలో బొప్పాయి, కూరగాయలు ఎత్తు మడులమీద పెట్టండి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. సున్నపు పాలు ఎక్కువైన నేలలో నిమ్మ లేత ఆకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులమీద పిచికారి చేయండి.

గుంత తీయడానికి పట్టేది ఒక పూట, ఒక మనిషి కూలి. బీటలిచ్చిన గోడకు, చెడిన బావికి అయ్యే ఖర్చు దానితో పోల్చిచూసుకోండి. ఈ ఏడు ఇల్లు మొదలుపెట్టేవారు ముగ్గు పోసే ముందే ఆ పని చేయించండి.